మూత తెరవని నత్త

(సిరికొండ పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, జంతుశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేసి రిటైరైన ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం మిత్రులు నాకు ఫోన్ చేసి, "ఏదన్నా సైన్స్ విషయం చెప్పు, కానీ అందరికీ తెలిసేటట్టు చెప్పు" అన్నారు. ఏం చెప్తావని అడిగితే, నత్తల గురించి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. స్వర్ణోత్సవం నాడు నత్తలేమిటి అనుకొని ఉంటారు. నా చదువు మొదలైంది నత్తతోనే, అదీ ఈ బడిలోనే. అందుకే ఆ సంగతి చెప్పడానికి వచ్చాను.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న ఏడు వానాకాలం వరికి మొగి పురుగు పట్టింది. నాయిన మందు కొట్టాడు. కొట్టడం అయిపోయాక పంపు కడిగి తెమ్మని నాకు ఇచ్చాడు. నేను పొలం పక్కన కాలువలోనే కడిగాను. డబ్బా అడుగున మిగిలిన కాస్త మందు కూడా అందులోనే వంచాను. అందరూ చేసేదే నేనూ చేశాను. అది తప్పని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

మా పొలాల్లో ఒక అవ్వ నత్తలు ఏరుకునేది. అవే వాళ్లింట్లో కూర. మూడో రోజు పొద్దున ఆ అవ్వ మా గట్టు మీద కూర్చొని ఉంది. బుట్టలో నత్తలు ఉన్నాయి కానీ ఆమె ముఖం బాగాలేదు. "బిడ్డా, గుల్లలు మూతలు తెరుస్తలేవురా. సావలేదు. సచ్చినయైతే వాసనొస్తది. బతికే ఉన్నయి, గానీ తెరుస్తలేవు. ఈ నీళ్లకేమో అయింది" అంది. బుట్ట తిరగేసి వాటిని గట్టు మీదే పోసి వెళ్లిపోయింది. ఆ రోజు వాళ్లింట్లో కూర లేదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ నత్తల్లో నాలుగింటిని బియ్యం డబ్బాలో వేసుకొని బడికి తెచ్చాను. మా సైన్స్ సారు రెండు పచ్చడి సీసాలు తెప్పించారు. ఒకదానిలో బడి బాయి నీళ్లు, రెండోదానిలో మా కాలువ నీళ్లు పోసి, రెండేసి నత్తల్ని వేశారు. బాయి నీళ్లలోవి మధ్యాహ్నానికి మూత తీసి మెల్లగా సీసా గోడ ఎక్కాయి. కాలువ నీళ్లలో ఒకటి మర్నాడు సాయంత్రం బయటికొచ్చింది. రెండోది రాలేదు. "ఎందుకు సార్?" అని అడిగాను. "నాకు తెల్వదు. రెండు నత్తలతోని నిజం తేలదు, ప్రశ్న తేలుతది. రాసిపెట్టుకో" అన్నారు. తెలియదని ఒక సారు చెప్పగా నేను విన్నది అదే మొదటిసారి. రాసిపెట్టుకున్నాను. జవాబు దొరకడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ జవాబే ఇవాళ్టి నా ప్రసంగం.

ముందు ఒక మామూలు ప్రశ్న. మనం ఊపిరి ఎందుకు పీల్చుకుంటాం? ఆక్సిజన్ కోసం అని ఆరో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు. ఆ ఆక్సిజన్ ఎక్కడ ఖర్చవుతుంది? ఊపిరితిత్తుల్లో కాదు, రక్తంలో కాదు. ఒంట్లో ఉన్న దాదాపు ప్రతి కణంలో, మైటోకాండ్రియా అనే అతి చిన్న గదుల్లో ఖర్చవుతుంది. తిన్న అన్నంలోని చక్కెరను కణం అక్కడ మంట లేకుండా, మెల్లగా కాలుస్తుంది. దీన్నే కణ ఆక్సీకరణం అంటాం. ఊపిరి ఒక రకం మంటే అని ఫ్రాన్స్‌లో లావోయిజర్ 1780ల్లోనే చూపించాడు. ఆ మంట కణంలో ఏ మెట్ల మీదుగా సాగుతుందో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హాన్స్ క్రెబ్స్ 1937లో బయటపెట్టాడు. మన జిల్లా వాళ్లకు ఆ సంవత్సరం గుర్తుండాలి. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది కూడా 1937లోనే. ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడిన ఏడే, అక్కడ చక్కెర కణంలో ఎలా కరిగిపోతుందో తెలిసింది.

ఆ మంటలో పుట్టే శక్తిని కణం దాచుకునే నాణెం పేరు ఏటీపీ. దాన్ని 1929లో కనుగొన్న వాళ్లలో మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. భీమవరంలో పుట్టి, అమెరికాలో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ పని చేశాడు. ఫాస్ఫరస్‌ను కొలవడానికి వాళ్లిద్దరూ 1925లో ప్రకటించిన పద్ధతిని నేను ఎమ్మెస్సీలో నా చేతులతో చేశాను. ప్రయోగశాలల్లో అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

లెక్క ఒకటే గుర్తుంచుకోండి. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి కణానికి సుమారు 30 ఏటీపీలు వస్తాయి. మా కాలం పాఠ్యపుస్తకాల్లో 38 అని ఉండేది. ఆక్సిజన్ లేకుండా అయితే వచ్చేవి 2 మాత్రమే. అంటే ఆక్సిజన్ లేని కణం వెంటనే చచ్చిపోదు కానీ, పదిహేను రూపాయలు రావలసిన చోట రూపాయితో సంసారం చేస్తుంది.

ఈ మంట ఎలా ఆగిపోతుందో చెప్పడానికి మనందరం చూసిన పనినే తీసుకుంటాను. ఇంటికి స్లాబ్ పోసేటప్పుడు కింది నుంచి పై దాకా మనుషులు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు ఒకరి చేతికి ఒకరు అందిస్తారు కదా. కణంలో కూడా అంతే. అక్కడ తట్టలకు బదులు ఎలక్ట్రాన్లు చేతులు మారతాయి. వరుసలో నిలబడ్డ మనుషులు ఎంజైములు. చివరి మనిషి తట్టను ఆక్సిజన్‌కు అందిస్తాడు. తట్టలు కదులుతున్నంతసేపూ స్లాబ్ లేస్తుంది, ఏటీపీ తయారవుతుంది.

ఇప్పుడు విషాలు ఏం చేస్తాయో చూడండి. సైనైడ్ చివరి మనిషి చేతులు పట్టుకుంటుంది. పక్కన ఆక్సిజన్ కావలసినంత ఉంటుంది, అందించేవాడు ఉండడు. డెర్రిస్ అనే మొక్క వేర్లలో ఉండే రోటినోన్ వరుస మొదట్లోనే అడ్డం పడుతుంది. చాలా దేశాల్లో చేపలు పట్టడానికి ఆ వేర్లను దంచి నీళ్లలో కలిపేవారు. పాదరసం, కాడ్మియం వంటి లోహాలు ఎంజైముల్లోని గంధకానికి బంకలా అంటుకొని చేతులు కదలనివ్వవు. ఇంకొక రకం విషాలున్నాయి. డైనైట్రోఫినాల్, పెంటాక్లోరోఫినాల్ వంటివి. ఇవి వరుసను ఆపవు. తట్టలు ఇంకా జోరుగా కదులుతాయి, కానీ తట్టలకు చిల్లు పడ్డట్టు స్లాబ్ మాత్రం లేవదు. ఒళ్లు కాగిపోతుంది, శక్తి చేతికి రాదు. ఈ డైనైట్రోఫినాల్‌ను 1930ల్లో అమెరికాలో సన్నబడే మందుగా అమ్మారు. ఒళ్లు వేడెక్కి మనుషులు చనిపోయాక గానీ ఆపలేదు.

మనం పొలాల్లో ఎక్కువగా వాడిన ఆర్గానోఫాస్ఫేట్ మందుల దెబ్బ మొదట నరాల మీద పడుతుంది. నరం నుంచి కండరానికి వెళ్లిన సందేశాన్ని చెరిపేసే ఎంజైమును అవి ఆపుతాయి. సందేశం చెరగదు కాబట్టి కండరం వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకుకు శక్తి కావాలి, దానికి ఆక్సిజన్ కావాలి. అందుకే మందు తగిలిన చేప మొదట ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటుంది, తర్వాత అలసిపోయి తక్కువ తీసుకుంటుంది. నరం మీద మొదలైన దెబ్బ చివరికి కణంలోని మంట దాకా వస్తుంది.

మరి దీన్ని నత్తలో, ఆల్చిప్పలో ఎందుకు చూడాలి? మన దేశంలో ఈ పని పట్టుదలగా జరిగిన చోట్లలో తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకటి. 1954లో ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో కె. పంపాపతి రావు, కె.ఎస్. స్వామి వంటి ఆచార్యులు మన చెరువుల్లో దొరికే జీవుల శరీరధర్మం మీద పరిశోధన నడిపించారు. విదేశాల నుంచి ఖరీదైన జంతువుల్ని తెప్పించలేదు. పొలంలో దొరికే నత్త, శాస్త్రనామం పైలా గ్లోబోసా. చెరువులో దొరికే మంచినీటి ఆల్చిప్ప, శాస్త్రనామం లామెల్లిడెన్స్ మార్జినాలిస్. తర్వాత వచ్చిన పరిశోధకులు వీటి మీద, చేపల మీద పురుగుమందుల ప్రభావం చూశారు. 1970ల చివర్లో అక్కడి కె. శివప్రసాదరావు, కె.వి. రమణారావు మిథైల్ పారాథియాన్‌ను చంపనంత తక్కువ మోతాదులో తిలాపియా చేపకు ఇచ్చి, దాని కణజాలాల్లో ఆక్సీకరణ ఎంజైములను కొలిచారు.

'చంపనంత తక్కువ మోతాదు' అన్న మాట గమనించండి. అంతకుముందు విషాన్ని కొలవడమంటే ఎక్కువగా చచ్చినవాటిని లెక్కపెట్టడమే. వంద చేపలు వేస్తే ఎన్ని తేలాయి అన్నదే లెక్క. వీళ్లు అడిగిన ప్రశ్న వేరు. చావనివి ఎలా బతుకుతున్నాయి?

కొలిచే తీరు కూడా చెప్తాను, పిల్లలకు పనికొస్తుంది. వరుసలో నిలబడ్డ ఎంజైముల్లో సక్సినేట్ డీహైడ్రోజినేజ్ ఒకటి. కణజాలాన్ని నూరి, ఎంజైముకు మేత పెట్టి, దాదాపు రంగు లేని టెట్రజోలియం లవణం కలుపుతారు. ఎంజైము పనిచేస్తుంటే ఆ లవణం ఎర్రబడుతుంది. ఎంత ఎరుపో అంత చురుకు. ఇలాంటి ప్రయోగాల్లో పదే పదే కనిపించిన తీరు ఏమిటంటే, మందు తగిలిన జీవుల్లో ఎరుపు తగ్గుతుంది. ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది. ఆక్సిజన్ లేకుండా నడిచే పాత దారి, అంటే 2 ఏటీపీల దారి, చురుకవుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్ తరిగిపోతుంది. జీవి బతికే ఉంటుంది. గాదెలో దాచిన గింజలు మాత్రం తిని బతుకుతుంది.

ఇప్పుడు మా కాలువ నత్త దగ్గరికి వద్దాం. పైలా నత్తకు ఒక విద్య ఉంది. దానికి మొప్ప ఉంది, ఊపిరి సంచి కూడా ఉంది. నీళ్లలోనూ బతుకుతుంది, గాలిలోనూ ఊపిరి తీస్తుంది. ఎండాకాలం చెరువు ఎండితే మట్టిలో దూరి, మూత బిగించి, మంటను బాగా తగ్గించుకొని నెలల తరబడి ఉండగలదు. వాన పడితే మూత తీస్తుంది. ఇది లక్షల ఏళ్లుగా అది నేర్చుకున్న బతుకు. నీళ్లలో తేడా తగిలినప్పుడూ అది చేసేది అదే. మూత బిగిస్తుంది. ఎండలో తనను కాపాడిన విద్యే విషంలోనూ కాపాడుతుందనుకుంటుంది. కానీ ఎండకూ విషానికీ తేడా ఉంది. ఎండ బయటే ఉంటుంది. మందు మూత బిగించేలోపే ఒంట్లోకి వెళ్లిపోతుంది. లోపల నరం మీద దెబ్బ, కణంలో మంట మందగించడం, గాదె ఖాళీ అవడం. మూత తెరిచి, పాదం చాచి, గోడ ఎక్కడానికి శక్తి కావాలి. ఆ శక్తి చేతికి రావాలంటే వరుసలో తట్టలు కదలాలి. రెండో నత్తకు ఆ తట్టలు కదల్లేదని ఇప్పుడు అనుకుంటాను. దాన్ని నేను నూరి కొలవలేదు కాబట్టి ఖాయంగా చెప్పను. సారు మాట ఇంకా గుర్తుంది.

ఆల్చిప్ప సంగతి ఇంకా కష్టం. నీళ్లను లోపలికి పీల్చి వడగట్టుకొని తినడమే దాని బతుకు. రోజుకు ఎన్నో లీటర్ల నీళ్లు దాని మొప్పల మీదుగా పోతాయి. నీళ్లలో ఏముంటే అది దాని ఒంట్లో చేరుతుంది. చిప్పలు మూసుకుంటే విషం లోపలికి రాదు, కానీ ఆక్సిజనూ రాదు, తిండీ రాదు. తెరిస్తే రెండూ వస్తాయి. నీళ్లు మంచిగా లేకపోతే దానికి మూసినా కష్టమే, తెరిచినా కష్టమే. ఇంకా చిన్న జీవులున్నాయి. హైడ్రా కొన్ని మిల్లీమీటర్లే. దానికి మొప్ప లేదు, రక్తం లేదు. రెండు పొరల కణాలు మాత్రమే. విషం తగిలితే మొదట దాని చేతుల కొసలు ఉబ్బుతాయి, తర్వాత పొట్టివవుతాయి, చివరికి ఒళ్లే కరిగిపోతుంది. డాఫ్నియా అనే నీటి ఈగను ప్రపంచమంతా ఇప్పుడు నీటి పరీక్షకు వాడుతున్నారు. 48 గంటల్లో ఎన్ని కదలడం మానేశాయో లెక్కపెడతారు. గమనించండి, చచ్చాయా అని కాదు, కదులుతున్నాయా అని చూస్తారు. గట్టు మీద అవ్వ చూసిందీ అదే.

విషం పేరే లేకుండా కూడా ఊపిరి ఆగవచ్చు. చక్కెర మిల్లులు నడిచిన జిల్లా కాబట్టి ఇది చెప్పాలి. ఏ చక్కెర ఫ్యాక్టరీ నీళ్లలోనైనా ఉండేది ఎక్కువగా చక్కెర, మొలాసిస్. వాటిని శుద్ధి చేయకుండా చెరువులో కలిపితే సూక్ష్మజీవులు పండగ చేసుకుంటాయి. అవి తినడానికి నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా ఖర్చవుతుంది. అసలు నీళ్లలో ఉండే ఆక్సిజనే తక్కువ. 30 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లలో గరిష్ఠంగా 7.5 మిల్లీగ్రాములు పడుతుంది. లీటరు గాలిలో దానికి 30 రెట్లకు పైగా ఉంటుంది. మనం గాలిలో బతుకుతూ, అంత బీద గాలిలో బతికే చేప ముందు చక్కెర పారబోస్తున్నామన్నమాట. మన వైపు అడవి పల్లెల్లో చేపలకు వేసే ఇప్ప పిండి మరో దారిలో పనిచేస్తుంది. దానిలోని సాపోనిన్ చేప మొప్పలను, ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటుంది, మోసేవాడు ఉండడు. నీళ్లలో లేకపోవడం, రక్తం మోయలేకపోవడం, కణం వాడుకోలేకపోవడం. చెరువు ఒడ్డున నిలబడి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. మొదటి దానికి చెరువులోకి మంచి నీళ్లు వస్తే బాగవుతుంది. మూడో దానికి గాలి ఊదినా ఉపయోగం లేదు.

మిత్రులారా, రైతు మీద నేరం మోపడానికి నేను ఇదంతా చెప్పడం లేదు. నేనూ రైతు కొడుకునే, కాలువలో పంపు కడిగినవాడినే. మందు కొట్టిన రాత్రి నాయిన తల పట్టుకొని వాకిట్లో పడుకునేవాడు. చెమటలు, వాంతి. "మందు గాలి తగిలింది" అనేవాడు. నత్త నరం మీద పడిన దెబ్బే ఆయన నరం మీదా పడిందని ఆనాడు మాకు తెలియదు. నత్త కణంలో ఉన్న ఎలక్ట్రాన్ల వరుస, నాయిన కణంలో ఉన్న వరుస ఒకటే. హైడ్రా నుంచి మనిషి దాకా ఆ వరుస పెద్దగా మారలేదు. అందుకే చిన్న జీవిని అడిగితే పెద్ద జీవి సంగతి తెలుస్తుంది. నత్త ముందు చెప్తుంది, మనిషి తర్వాత చెప్తాడు. అంతే తేడా.

కొన్ని మందుల సంగతి ప్రభుత్వానికీ అర్థమైంది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మిథైల్ పారాథియాన్‌తో సహా 18 మందులను కేంద్ర ప్రభుత్వం 2018లో నిషేధించింది. మన ఊళ్లలో గుళికలుగా వాడిన ఫోరేట్ కూడా అందులో ఉంది. తిరుపతి ప్రయోగశాలలో ఆ చేప ఒంట్లో కొలత తీసినప్పటి నుంచి నిషేధం దాకా దాదాపు 40 ఏళ్లు గడిచాయి. ఆ నలభై ఏళ్లలో ఎంతమంది వాకిట్లో తల పట్టుకొని పడుకున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. పాత మందులు పోయాయి, కొత్త పేర్లతో కొత్త మందులు వచ్చాయి. వాటి సంగతి తెలియడానికి మళ్లీ నలభై ఏళ్లు ఆగాలా?

అందుకే ఈ బడికి ఒక మాట. ఇక్కడ సైన్స్ ల్యాబు ఉంది, పక్కన పొలాలున్నాయి, కాలువలున్నాయి, మనవైపే కప్పల వాగు ఉంది. వాగుకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ కప్పలున్నప్పుడే పెట్టి ఉంటారు. తొమ్మిదో తరగతి పిల్లలు నెలకొకసారి ఒకే చోట, ఒకే గంటలో, గట్టు పొడవునా పది అడుగుల్లో నత్తలెన్ని, కప్పలెన్ని, మూత తెరిచినవెన్ని లెక్కపెట్టి ఒక పుస్తకంలో రాయండి. కాలువ నీళ్లు ఒక సీసాలో, బాయి నీళ్లు ఒక సీసాలో పోసి నత్తల్ని వేసి చూడండి. సార్లు తోడుంటే వింక్లర్ పద్ధతిలో నీళ్లలో ఆక్సిజన్ కొలవవచ్చు. మూత బిగించిన సీసాలో నత్తను గంటసేపు ఉంచి, ముందు ఎంత, తర్వాత ఎంత అని తీసేస్తే అది ఎంత ఊపిరి వాడుకుందో తెలుస్తుంది. ఎమ్మెస్సీలో మేము చేసిందీ ఇదే. ల్యాబుకు కావలసిన రసాయనాల ఖర్చు, పదేళ్లపాటు, మా బ్యాచ్ మిత్రులం పెట్టుకుంటాం. నేను బతికున్నన్నాళ్లు ఏడాదికోసారి వచ్చి ఆ పుస్తకం చూస్తాను.

ఇంటికెళ్లాక పెద్దలకు కూడా ఒక మాట చెప్పండి పిల్లలూ. మందు పంపును కాలువలో, బాయి గట్టున కడగొద్దు. డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు పంపులోనే పోసి పొలం మీదే కొట్టేయాలి. నాయిన నాకు చెప్పలేదు, ఆయనకూ ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెప్తున్నాను.

ఆ అవ్వకు అక్షరం రాదు. ఆమె చెప్పింది తప్పు కాదని ఆమెకు చెప్పే అవకాశం నాకు రాలేదు. నేను ఎమ్మెస్సీ చేరేలోపే పోయింది. సారు కూడా ఇవాళ మన మధ్య లేరు. నా ప్రశ్నను ఇద్దరూ మొదలుపెట్టారు, ఇద్దరికీ జవాబు చెప్పలేకపోయాను. అందుకే మీకు చెప్పాను. గుల్లలు మూత తెరుస్తున్నాయో లేదో వచ్చే ఏడు ఈ వేదిక మీద ఎవరైనా పిల్లవాడు పుస్తకం చూసి చెప్తే, నేను ముందు వరుసలో కూర్చొని వింటాను.